మన గోడల మీది తైలవర్ణ చిత్రాలకు ఒక పీహెచ్‌డీ కావాలి

ఎమ్మెస్సీ అనలిటికల్ కెమిస్ట్రీ చదివి, మా ఫార్మసీ కాలేజీ ల్యాబ్‌లో కొన్నాళ్లు పనిచేసిన ఒక అమ్మాయి పీహెచ్‌డీకి తనే ఒక అంశం ఎంచుకుంది. విజయవాడ, గుంటూరు ప్రాంతాల్లోని లైబ్రరీలు, కాలేజీలు, బార్ అసోసియేషన్ హాళ్లలో వేలాడుతున్న పాత తైలవర్ణ చిత్రాలు ఏ కారణాల వల్ల, ఏ క్రమంలో పాడవుతున్నాయో రసాయనికంగా పరిశీలించాలని ఆమె కోరిక. ప్రతిపాదన చదివిన సైన్సు పెద్దలు ఇది ఆర్ట్స్ వాళ్ల సబ్జెక్టన్నారు. ఆర్ట్స్ వాళ్లు ఇదంతా కెమిస్ట్రీయే కదా అన్నారు. చివరికి ఒకాయన దగ్గర కూర్చోబెట్టుకుని, పేపర్లు తొందరగా అచ్చయ్యే టాపిక్ ఏదైనా తీసుకోమ్మా అని సలహా ఇచ్చారు.

ఈ సంగతి మా ఇంట్లో భోజనాల దగ్గర చెబితే మా బాబాయ్ అన్నాడు: "మనుషుల రోగాలకే మందులు చాలక చస్తుంటే, బొమ్మల రోగాల మీద చదువేంటమ్మా?"

ఆయన వెటకారంగా అనలేదు. గుంటూరు పెద్దాసుపత్రి వరండాల్లో పిన్నిని పెట్టుకుని రాత్రులు గడిపిన మనిషి. ఆ ప్రశ్నకు అక్కడే గబగబా ఏదో జవాబు చెప్పేయడం నాకిష్టం లేకపోయింది. అందుకే తీరిగ్గా ఇక్కడ రాస్తున్నాను. ఆ అమ్మాయి అడిగింది సరైన ప్రశ్న అనీ, దానికి సరైన చోటు మన ఊళ్లేననీ నేను గట్టిగా నమ్ముతున్నాను. మా బాబాయ్ ఊహించని కారణం కూడా ఒకటుంది: ఈ పరిశోధనకు కావలసిన సరంజామాలో సగం మందుల పరిశోధన కోసమే మన దగ్గరకు వచ్చి ఉంది.

ఆరిన నూనె ఊరికే ఉండదు

తైలవర్ణం ఆరడమంటే నీళ్లు ఆవిరైపోవడం లాంటిది కాదు. అవిసె నూనె గాలిలోని ఆక్సిజన్‌ను తీసుకుంటుంది, దాని అణువులు ఒకదానితో ఒకటి ముడిపడతాయి, పొర గట్టిపడుతుంది. తాకితే అంటుకోని స్థితి కొద్ది రోజుల్లో వస్తుంది. లోపలి మార్పులు మాత్రం దశాబ్దాలు, శతాబ్దాలు సాగుతాయి. తేమ వల్ల నూనెలోని బంధాలు కొన్ని తెగి కొవ్వు ఆమ్లాలు విడుదలవుతాయి. రంగులో ఉన్న సీసమో జింకో వాటితో కలిస్తే పుట్టేది లోహపు సబ్బు. ఆ సబ్బు పుట్టినచోటే ఉండిపోదు. పొరల్లో కదులుతూ, ఒకచోట గుమిగూడి, కంటికి కనిపించేంత గింజ కట్టి, పైనున్న రంగును పొడుచుకుని బయటకు వస్తుంది.

డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ 1632లో వేసిన 'డాక్టర్ నికొలాస్ టుల్ప్ అనాటమీ పాఠం' హేగ్ నగరంలోని మౌరిట్స్‌హౌస్ మ్యూజియంలో ఉంది. 1990ల చివర్లో దాన్ని బాగుచేస్తున్నప్పుడు రంగు పొరలో సన్నని తెల్లటి గింజలు కనిపించాయి. వాటి వెంట పడి చూస్తే సీసపు సబ్బులని తేలింది. ఆ తర్వాత ఎన్నో మ్యూజియాలు తమ గోడల మీద అవే గింజలను గుర్తుపట్టాయి. కత్రీన్ క్యూనె 2005లోనూ, యోన్ హెర్మన్స్ 2017లోనూ ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయంలో సమర్పించిన పీహెచ్‌డీ సిద్ధాంతగ్రంథాలు ఈ సబ్బుల మీదే. మొదటిది వాటిని రంగు పొరల్లో ఎక్కడెక్కడ ఉన్నాయో పట్టి చూపింది. రెండోది అవి ఎలా ఏర్పడతాయో, ఎలా కదులుతాయో వివరించింది. ఒక మ్యూజియంలో కనిపించిన తెల్ల రవ్వలు, ఇద్దరు విద్యార్థుల ఏళ్ల తరబడి శ్రమ. ఇవాళ యూరప్ దేశాల్లో చిత్రాన్ని శుభ్రం చేసే మనిషి ద్రావకం సీసా మూత తీసేముందు ఒక క్షణం ఆగుతున్నాడంటే ఆ శ్రమ వల్లే. తేమా ద్రావకాలూ ఈ సబ్బుల పెరుగుదలను ఎగదోయగలవని ఈ వరస పరిశోధనల నుంచే తెలిసింది.

మనకు బాగా తెలిసిన సబ్బే

బీఫార్మసీ చదివిన పిల్లల్ని ఎవర్నైనా మెగ్నీషియం స్టియరేట్ గురించి అడగండి, నిద్రలో లేపినా చెబుతారు. టాబ్లెట్ కొట్టేటప్పుడు పొడి అచ్చుకు అంటుకోకుండా చిటికెడు కలుపుతారు. స్టియరిక్ ఆమ్లమూ, ఒక లోహమూ కలిసిన సబ్బు అది. రెంబ్రాంట్ చిత్రంలో ఉబికి వచ్చిన గింజ రసాయనికంగా దానికి దగ్గర చుట్టం. లోహం మారిందంతే.

ఆ లోహపు సబ్బును గుర్తుపట్టే పద్ధతీ మనకు తెలిసిందే. మందూ, దానిలో కలిపే పదార్థాలూ ఒకదానికొకటి పడతాయో లేదో చూడటానికి గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల ఫార్మసీ కాలేజీల్లో ఎఫ్‌టీఐఆర్ యంత్రం (పరారుణ కాంతిని పంపి పదార్థం ఏదో గుర్తుపట్టేది) వాడతారు. జింక్ స్టియరేట్ ఆ గ్రాఫులో 1540 దగ్గర పదునైన గీతగా కనబడుతుంది. మా పిల్లలు రోజూ చూసే తరహా గ్రాఫే. వాళ్లకు కొత్తగా నేర్పాల్సింది ఆ గ్రాఫు వెనక ఉన్న వస్తువు గురించి.

ఇక స్టెబిలిటీ ఛాంబర్. 40 డిగ్రీల వేడి, 75 శాతం తేమ, ఆరు నెలలు: మందు త్వరగా పాడవుతుందేమో చూసే ప్రామాణిక పరీక్ష. ఆ అంకెలు చదివితే విజయవాడ వాళ్లెవరికైనా ఒళ్లు చెమటలు పడుతుంది. అలాంటి పెట్టెలో మందుబిళ్లల పక్కన, జింక్ వైట్ అనే తెల్లరంగు పొడిని అవిసె నూనెలో కలిపి పూసిన చిన్న ముక్కలు నాలుగు పెడితే చాలు, పరిశోధన మొదలవుతుంది. యూరప్ ల్యాబుల్లో వేసిన ప్రశ్నకు మన వాతావరణం చెప్పే జవాబు కొద్దికొద్దిగా తెలిసివస్తుంది.

ఇక్కడ ఒక సందేహం రావాలి, నాకూ వచ్చింది. వేడి పెంచి త్వరగా ముసలితనం తెప్పించిన రంగూ, గోడ మీద అరవై ఏళ్లు నిలబడి ముసలిదైన రంగూ ఒకటేనా? కాకపోవచ్చు. వేడి పెరిగితే కొన్ని మార్పులు ఎక్కువ తొందరపడతాయి, కొన్ని తక్కువ. మందుల విషయంలోనూ ఇదే తగాదా ఉంది, అందుకే త్వరిత పరీక్షతో పాటు మామూలు పరిస్థితుల్లో దీర్ఘకాల పరీక్ష కూడా చేస్తాం. చిత్రాల విషయంలో మనకొక సౌకర్యం ఉంది: దీర్ఘకాల పరీక్ష ఇప్పటికే జరిగిపోయింది. అరవై, డెబ్బై ఏళ్ల నమూనాలు మన హాళ్లలో వరసగా వేలాడుతున్నాయి. వాటిని చదవడానికి ఎవరినీ పంపలేదు, అంతే.

బంగారం కొట్లలో కేరట్లు చూసే యంత్రం సంగతి కూడా చెప్పాలి. నగను లోపల పెడితే ఎక్స్‌రేలు తగిలి, ఏ లోహం ఎంతుందో తెరమీద చూపిస్తుంది. ఎక్స్‌ఆర్‌ఎఫ్ అనే ఆ పద్ధతితోనే చిత్రంలో సీసం ఉందా, జింక్ ఉందా, కాడ్మియం ఉందా అన్నది రంగును గోకకుండా చెప్పవచ్చు. కొట్లో యంత్రంలో చిత్రం పట్టదనుకోండి, చేత్తో పట్టుకునే రకం వేరే దొరుకుతుంది. మరీ లోతుగా చూడాల్సి వస్తే ఇండోర్‌లో ఇండస్-2 సింక్రోట్రాన్ (చాలా తీవ్రమైన ఎక్స్‌రేలను పుట్టించే పెద్ద యంత్రం) ఉంది. ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో అలాంటి సింక్రోట్రాన్ వెలుగు సాయంతోనే, వాన్ గో వాడిన క్రోమ్ పసుపు గోధుమరంగుకు ఎందుకు తిరుగుతోందో 2011లో బయటపెట్టారు: అందులోని క్రోమియం ఒక రూపం నుంచి మరో రూపానికి మారిపోతోంది. మనం ఇండోర్ దాకా వెళ్లే ముందు చేయాల్సిన పని మాత్రం ఇక్కడే బోలెడుంది.

దండలు, బొట్టు, ధూపం

యూరప్ సిద్ధాంతగ్రంథాల్లో ఎంత వెతికినా దొరకని కారణాలు మన దగ్గర కొన్నున్నాయి.

మన హాళ్లలో తైలవర్ణ చిత్రం అంటే ఎక్కువగా ఒక మనిషి. భూమి ఇచ్చిన దాత, కాలేజీ పెట్టిన పెద్దమనిషి, జైలుకెళ్లొచ్చిన నాయకుడు, మొదటి ప్రిన్సిపాల్. చనిపోయినవాళ్ల పటం కాబట్టి జయంతికీ వర్ధంతికీ దండ పడుతుంది. తడిపిన బంతిపూల దండ ఫ్రేము మీంచి జారి కింది అంచు దాకా వేలాడుతుంది. ఆ నీళ్లు కింది కర్రకూ కేన్వాసుకూ మధ్య సందులోకి దిగుతాయి. ఏళ్లుగా దుమ్ము పేరుకునేదీ ఆ సందులోనే. నుదుట కుంకుమ బొట్టు పెడతారు. అద్దం ఉంటే అద్దం మీద, లేకపోతే రంగు మీదే. అగరొత్తులు, కర్పూరం, దీపం. చిత్రాన్ని పైభాగం ముందుకు వంచి కట్టడం మన అలవాటు, దాంతో పొగ నేరుగా ముఖం మీదికి పోతుంది. వెనక వానాకాలం చెమ్మ పట్టిన సున్నపు గోడ. ఆ గోడకూ కేన్వాసుకూ మధ్య బల్లులు, సాలెగూళ్లు, ఒక్కోసారి చెదలు.

వీటిలో ఏది ఎంత హాని చేస్తోందో మనకు తెలియదు. బొట్టులో పసుపూ సున్నమూ ఉంటాయి. సున్నం క్షారం. నూనె పొర మీద క్షారం ఏళ్ల తరబడి కూర్చుంటే ఏమవుతుంది? కాగితం మీద ఊహించగలను, కానీ ఊహ వేరు, పొరను కోసి చూడటం వేరు. దండలు మానేయండని చెప్పే హక్కు నాకు లేదు, చెప్పను కూడా. ఆ మనిషిని తలుచుకోవడానికే ఆ పటం ఉంది. దండ ఫ్రేముకు తగలకుండా రెండు మేకులు విడిగా కొడితే సరిపోతుందా, దీపం ఎంత దూరంలో పెట్టాలి, బొట్టుకు అద్దం తప్పనిసరా, అద్దం పెడితే లోపల చెమ్మ బిగిసి కొత్త తంటా వస్తుందా? ఇవన్నీ జవాబులున్న ప్రశ్నలే. ఎవరూ అడగలేదు.

తేమ దగ్గర కాస్త ఆగుతాను. నార్వే చిత్రకారుడు మూంక్ 1910 ప్రాంతంలో వేసిన 'ది స్క్రీమ్' ఓస్లోలో ఉంది. అందులోని కాడ్మియం పసుపు తెల్లబడి రాలిపోతుంటే చాలామంది వెలుతురునే అనుమానించారు. 2020లో వచ్చిన పరిశోధన అసలు దోషి వెలుతురు కన్నా తేమేనని చూపించింది. తేమను 45 శాతం మించనివ్వకండి, మామూలు వెలుతురు ఫర్వాలేదన్నారు. ఈ వార్త చదివి నేను చాలాసేపు మన హాళ్ల గురించే ఆలోచించాను. మనం జాగ్రత్త పడ్డామంటే కిటికీలు మూసి, పరదాలు వేసి, గది చీకటి చేస్తాం. అంటే గాలి ఆడకుండా తేమను లోపలే బిగిస్తాం. ఆ చిత్రాల్లో కాడ్మియం పసుపు ఉంటే మన జాగ్రత్తే వాటికి హాని కావచ్చు. లేకపోతే కాకపోవచ్చు. ఏ రంగు ఉందో తెలిస్తేగానీ ఏ జాగ్రత్త మంచిదో తెలియదు.

"ఏసీ పెట్టడానికే డబ్బుల్లేవు, మీ పరిశోధన తెలిసి ఏం లాభం?" అని ఒక లైబ్రరీ కమిటీ సభ్యుడు నన్నడిగారు. న్యాయమైన మాట. మ్యూజియాలు కోరుకునే 40 నుంచి 60 శాతం తేమను మన లైబ్రరీలు ఏడాది పొడవునా నిలబెట్టలేవు. కానీ డబ్బు లేనివాడికే కారణం తెలియడం ఎక్కువ అవసరం. ఉన్న కొద్దిపాటి డబ్బు ఎక్కడ పెట్టాలో అదే చెబుతుంది. వాన తగిలే బయటి గోడ మీంచి లోపలి గోడకు పటాన్ని మార్చడానికి రెండు మేకులు చాలు. ఫ్రేము వెనక నాలుగు మూలలా బెండు ముక్కలు అంటిస్తే గోడకూ పటానికీ మధ్య గాలి ఆడుతుంది. డబ్బున్న చోట ఇంకో సమస్య: పగలంతా ఏసీ, సాయంత్రం ఆపేసి ఇంటికెళ్లడం. రోజూ అలా బిగిసి సడలే కేన్వాసుకు ఏసీ మేలు చేస్తోందా, కీడు చేస్తోందా? మన ఆఫీసుల్లో ఇది రోజూ జరిగేదే. దీని మీద ఒక అధ్యాయం రాయవచ్చు.

రంగు వేసి బాగుచేసిన తాతయ్య

మా ప్రాంతంలో ఒక విద్యాసంస్థకు స్థలం ఇచ్చిన దాత చిత్రం ఉండేది. ముదురు రంగు కోటు, చేతిలో కర్ర, కళ్లల్లో కొంచెం అలసట. కోటు మీద అక్కడక్కడా ఆవగింజ కన్నా సన్నని తెల్ల చుక్కలు. భూతద్దంలో చూస్తే కొన్ని ఉబ్బి ఉన్నాయి, కొన్ని పగిలి గుంటలు పడ్డాయి. అటెండర్ వాటిని సున్నం రవ్వలంటూ తడిగుడ్డతో తుడిచేవాడు. తర్వాత ఉత్సవాలు వచ్చాయి. కమిటీ వాళ్లు ఒక ఆర్టిస్టును పిలిపించి చిత్రాన్ని 'కొత్తగా' చేయించారు. తెల్ల చుక్కలు గీకేశారు, కోటు మీద కొత్త నలుపు, మీసానికి ఇంకా నలుపు, పైన మెరిసే వార్నిష్.

ఆవిష్కరణకు ఆయన మనవరాలు వచ్చింది, ఎనభై దాటిన మనిషి. దండ వేయడానికి పైకి తీసుకెళ్తే పటం ముందు నిలబడి, "మా తాతయ్య ఇలా చూసేవారు కాదు" అంది. పక్కనున్నవాళ్లు పెద్దావిడకు చూపు ఆనడం లేదనుకున్నారు.

ఆ ఆర్టిస్టును నేను తప్పుపట్టను. బాగుచేయమన్నారు, ఆయనకు వచ్చిన పని ఆయన చేశాడు. కమిటీ కూడా ప్రేమతోనే చేయించింది, వాళ్ల జేబుల్లోంచే డబ్బులు తీసింది. నా బాధ వేరు. ఆ తెల్ల చుక్కలు సీసపు సబ్బులా, జింక్ సబ్బులా, బూజా, నిజంగానే గోడసున్నమా? ఇక ఎవరూ చెప్పలేరు. చెప్పగల ఒకే ఒక్క ఆధారాన్ని గీకి పారేశారు. సబ్బులే అయితే తడిగుడ్డ వాటికి మేపు వేసింది. సున్నమే అయితే పొడి కుంచెతో దులిపితే పోయేది, తాతయ్య చూపు మిగిలేది.

అజంతా కథ తెలిసినవాళ్లకు ఇది కొత్త కాదు. 1920 ప్రాంతంలో నిజాం ప్రభుత్వం ఇటలీ నుంచి లోరెంజో చెకోని, ఓర్సిని అనే ఇద్దరు నిపుణులను రప్పించి అజంతా కుడ్యచిత్రాలకు మరమ్మతు చేయించింది. అవి తైలవర్ణాలు కావు, అయినా పాఠం ఒకటే. ఊడిపోతున్న పొరలను వాళ్లు నిలబెట్టారు, ఆ మేలు మరవకూడదు. కానీ పైన పూసిన లక్క వార్నిష్ కాలం గడిచేకొద్దీ పసుపెక్కి, దుమ్ము పట్టి, కింది రంగులను మసకబార్చింది. దాన్ని జాగ్రత్తగా తొలగించే పని పురావస్తు శాఖ రసాయనవేత్తల మీద పడింది. అంత డబ్బు, అంత నైపుణ్యం, అంత శ్రద్ధ ఉన్నచోటే అలా జరిగితే, ఉత్సవాలకు వారం ముందు తొందర తొందరగా చేయించే పని ఎలా ఉంటుందో వేరే చెప్పాలా?

"అవేమన్నా గొప్ప బొమ్మలా?"

అన్నిటికన్నా బలమైన అభ్యంతరం ఇదే, దీన్ని దాటవేయను. మన హాళ్లలో చిత్రాలు చాలావరకు ఫొటో ముందు పెట్టుకుని వేసినవి. కొన్నిట్లో చేతులు సరిగా కుదరలేదు. రవివర్మ చిత్రాలను 1979లో జాతీయ కళాసంపదగా ప్రకటించారు, వాటికి చట్టం అండ ఉంది. మన దాతల పటాలకు ఏముంది? 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం చిత్రం ఏదైనా పురావస్తువు కావాలంటే నూరేళ్లు నిండాలి. 1950లో వేసిన చిత్రానికి 2050 దాకా ఆ పేరు రాదు. ఇప్పుడు పాడవుతున్నది అప్పటిదాకా ఆగుతుందా?

గొప్పతనం గురించి నా మాట ఇది. ఈ చిత్రాలన్నీ గొప్ప కళ అని నేను అనను. ఒక ప్రాంతం తనవాళ్ల ముఖాలను తన చేతులతో వేసుకున్న కాలానికి ఇవి సాక్ష్యం. 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగిన ఊరు విజయవాడ. లైబ్రరీలు, జాతీయ పాఠశాలలు చందాలతో లేచిన ఆ రోజుల మనుషులు ఎలా ఉండేవారో, ఏ బట్ట కట్టేవారో, ఏ గర్వంతో నిలబడేవారో ఈ పటాల్లో ఉంది. దామెర్ల రామారావు 1925లో చనిపోయేనాటికి ఆయనకు ముప్పై కూడా నిండలేదు. రాజమండ్రిలో ఆయన చిత్రాలు ఒకచోట నిలిచాయి కాబట్టే ఇవాళ ఆయన గురించి మాట్లాడుకోగలుగుతున్నాం. పేరు కూడా మిగలని మిగతావాళ్ల పని ఎంతుందో, ఎలాంటిదో లెక్క తీయకుండానే గొప్పది కాదని ఎలా తేల్చేస్తాం?

పరిశోధనకు వచ్చేసరికి మామూలు చిత్రం ఒక విధంగా మేలు కూడా. రెంబ్రాంట్ చిత్రం నుంచి సూదిమొనంత రవ్వ తీయడానికి ఎన్ని కమిటీలు కూర్చోవాలో! మన పటాల్లో అంచు దగ్గర, ఫ్రేము కింద దాగిన చోట, ఇప్పటికే ఊడి సందులో పడిన పెచ్చు ఉంటుంది. దాన్ని రెసిన్‌లో పోతపోసి, అడ్డంగా కోసి, నునుపు చేసి సూక్ష్మదర్శినిలో చూస్తే పొరలన్నీ కనిపిస్తాయి: అడుగు పూత, మొదటి రంగు, మధ్యలో మసి గీత, దానిపైన ఎవరో తర్వాత వేసిన రంగు. అతినీల కాంతిలో జింక్ వైట్ పచ్చటి పసుపుగా మెరుస్తుంది కాబట్టి, టార్చి వేసి చూసినా కొంత తెలుస్తుంది. అయినా రవ్వ తీయడం తీయడమే, నాకూ మనసు కలుక్కుమంటుంది. రాలిపడిన పెచ్చు దొరికినచోట చిత్రాన్ని ముట్టుకోకూడదని ఆ అమ్మాయి తన ప్రతిపాదనలోనే రాసుకుంది. ఆ నియమం నాకు నచ్చింది.

ఇంకో అభ్యంతరం మా సహోద్యోగి ఒకరు అన్నారు. మన గోపురాల మీది బొమ్మలకు కుంభాభిషేకం వచ్చినప్పుడల్లా కొత్త రంగులు వేస్తాం, పాతది అలాగే ఉంచాలన్న పట్టుదల మనది కాదు, పరాయి పద్ధతి ఎందుకు నెత్తికెత్తుకోవాలి అన్నారు. దీని మీద నేను చాలా ఆలోచించాను. గోపురం మీద దేవుడి బొమ్మకు కొలతలు శిల్పశాస్త్రంలో ఉన్నాయి, రంగు శాస్త్రంలో ఉంది. పూత పోయినా రూపం ఎక్కడికీ పోదు, తెలిసిన స్థపతి మళ్లీ అదే రూపాన్ని నిలబెడతాడు. దాత తాతయ్య ముఖానికి శాస్త్రం లేదు. ఆ అలసిన చూపు ఉన్నది ఆ ఒక్క రంగు పొరలోనే. అది పోయాక తిరిగి వేయడానికి కొలతలు ఎవరి దగ్గరా ఉండవు. అందుకని గోపురానికి చేసేది పటానికి చేయకూడదంటాను.

బాగుపడతాయా?

నన్ను నిజంగా తొలిచే అనుమానం వేరే ఉంది. ఇంత చేశాక చిత్రాలు బాగుపడతాయా? ఒకసారి ఏర్పడిన లోహపు సబ్బును వెనక్కి నూనెగా, రంగుగా మార్చే మందు లేదు. రంగు మారిన క్రోమ్ పసుపును తిరిగి తెచ్చే మార్గమూ లేదు. ఆ అమ్మాయి నాలుగైదేళ్లు కష్టపడి రాసే సిద్ధాంతగ్రంథం చివరికి చెప్పేది, ఇవి ఇలా చనిపోతున్నాయని మాత్రమే కావచ్చు. మా బాబాయ్ ప్రశ్న ఇక్కడ మళ్లీ నా ముందు నిలబడుతుంది.

2024 సెప్టెంబరులో బుడమేరు సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు, నాకు తెలిసిన ఒక రిటైర్డ్ టీచర్ ఇంట్లో వాళ్లమ్మ తైలవర్ణ చిత్రం రోజుల తరబడి నీళ్లలో నానింది. నీరు తీశాక, పరుపులతో పాటు దాన్నీ డాబా మీద ఎండలో పెట్టారు. తడిసిన కేన్వాసు కుంచించుకుపోయింది, గట్టిపడ్డ రంగు దాంతో పాటు కుంచించుకోలేక పెచ్చులుగా లేచింది. సాయంత్రానికి అమ్మ చీర అంచు మిగిలింది, ముఖం పోయింది. తడిసిన చిత్రాన్ని నీడలో, వెల్లకిలా పడుకోబెట్టి, నిదానంగా ఆరనివ్వాలి. కొద్ది మాటల సమాచారం ఇది. ఆ రోజు ఆ వీధిలో చెప్పేవాళ్లు లేరు. ఆయన ఎవరెవరికో ఫోన్ చేశారట, ఎండలో పెట్టమని చెప్పినవాళ్లూ ఉన్నారట.

ఏ ఊళ్లో ఒక విషయం మీద పరిశోధన జరుగుతుందో, ఆ ఊళ్లో ఆ విషయం తెలిసిన మనిషి ఉంటుంది. నేను చూసే అసలు లాభం ఇదే. లక్నోలో 1976 నుంచి జాతీయ సాంస్కృతిక సంపద పరిరక్షణ పరిశోధనశాల ఉంది, మైసూరులో దాని శాఖ ఉంది. మంచి సంస్థలే. కానీ వరద నీళ్లు గుమ్మంలో ఉన్నప్పుడు లక్నోకు ఎవరు ఫోన్ చేస్తారు? ఒక పీహెచ్‌డీ అంటే ఒక పుస్తకం మాత్రమే కాదు. ఆ పని మీద నాలుగేళ్లు బతికిన ఒక మనిషి, ఆమె దగ్గర నేర్చుకునే పిల్లలు, కేన్వాసును ముట్టుకునే ముందు ఎవర్ని అడగాలో తెలిసిన పది కమిటీలు. ఆసుపత్రికి రావలసిన డబ్బును ఇది లాక్కోదు. ఉన్న యంత్రాలు ఖాళీగా ఉండే గంటల్లో జరిగే పని ఇది.

ముందు అడగాల్సిన మనుషులు

ఒక విషయంలో మాత్రం ఆ అమ్మాయి ప్రతిపాదన మార్చమన్నాను. చిత్రాల కన్నా ముందు చిత్రకారుల దగ్గరకు వెళ్లమన్నాను. విజయవాడ గాంధీనగర్‌లో సినిమా పంపిణీ కంపెనీలు వెలిగిన రోజుల్లో బ్యానర్లు వేసిన చేతులే ఎన్నో హాళ్లలో పటాలూ వేశాయి. వాళ్లలో మిగిలిన ఒక పెద్దాయన ఇప్పుడు కొడుకు ఫ్లెక్స్ ప్రింటింగ్ షాపులో కుర్చీ వేసుకుని కూర్చుంటారు. ఇద్దరం కలిసి వెళ్లాం.

ఆమె "తాతగారూ, తెలుపు ఎక్కడ కొనేవారండీ?" అని అడగ్గానే ఆయన కళ్లు వెలిగాయి. ట్యూబు రంగులు ఖరీదని ముఖానికి మాత్రమే వాడేవారట. కోటుకూ వెనకవైపు పరదాకూ వన్‌టౌన్ రంగుల కొట్లో దొరికే పొడిని కాచిన అవిసె నూనెలో నూరుకునేవారు. ఆ నూనె త్వరగా ఆరడానికి కొట్టువాడే ఏదో మందు కలిపి ఇచ్చేవాడు. గుడ్డ కాడా గుడ్డ. దానికి వడ్రంగుల ఎముకల బంక పూసి, పైన జింక్ పొడి రెండు పూతలు. డబ్బులు తక్కువిచ్చినవాళ్లకు ఒకటే పూత.

ల్యాబులో నెలల తరబడి వెతికితే దొరికే సమాచారాన్ని ఆయన టీ తాగుతూ చెప్పేశారు. ముఖం ఒక రకం రంగు, కోటు ఇంకో రకం. అందుకేనేమో కొన్ని పటాల్లో ముఖం బాగానే ఉండి, కోటే పగుళ్లిస్తుంది. ఇది ఇంకా ఊహే, పొరలు కోసి చూస్తేగానీ తేలదు. ఆ ఆరబెట్టే మందు సీసానిదా, కోబాల్ట్‌దా అన్నది ఆయనకూ తెలియదు. ఎక్స్‌ఆర్‌ఎఫ్‌కు తెలుస్తుంది. కానీ అలాంటి మందు కలిపేవారన్న సంగతి ముందు ఆయనే చెప్పాలి.

ప్రతిపాదన మళ్లీ రాస్తోంది. ఈసారి ఫార్మసీ, కెమిస్ట్రీ, చరిత్ర విభాగాల నుంచి ముగ్గురు గైడ్లను అడుగుతోంది. ఎక్కడ ఒప్పుకుంటారో చూడాలి.

ఇది చదువుతున్నవారి ఇంట్లోనో, చదివిన కాలేజీలోనో, నాన్నగారు పనిచేసిన ఆఫీసులోనో పాత తైలవర్ణ చిత్రం ఉంటే, దానికి వార్నిష్ వేయించే ముందు ముందువైపూ వెనకవైపూ ఫొటోలు తీసి పెట్టండి. వేసినాయన పేరు, సంవత్సరం, కేన్వాసు అమ్మిన కొట్టు ముద్ర చాలాసార్లు వెనకే ఉంటాయి. వేసినాయన పిల్లలెవరైనా మీకు తెలిసి ఉంటే, ఆయన నూనె ఎక్కడ కొనేవారో అడిగి నాకు రాయండి.